పరాయి దేశపు తరగతి గదిలో ఇంటి బెంగ

సంపాదకులకు నమస్కారం.

చదువుల కోసం విదేశాలకు వెళ్లే విద్యార్థుల ఒంటరితనం గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో దాదాపు ఎక్కడా కనిపించని ఒక చిన్న వర్గం ఉంది. ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ, అందులో భాగంగా బోధనాభ్యాసం కోసం కొన్ని వారాలో కొన్ని నెలలో మరో దేశపు పాఠశాలలో గడిపే ఛాత్రోపాధ్యాయులు వాళ్లు. నేనూ ఒకప్పుడు అలా వెళ్లి వచ్చినదాన్నే. ఆ తర్వాత చాలా ఏళ్లుగా అలాంటి విద్యార్థులను పంపించే, వాళ్ల పాఠాలు పరిశీలించే పనిలో ఉన్నాను. వాళ్లకు కలిగే ఇంటి బెంగను పంపే కళాశాలలూ, చేర్చుకునే పాఠశాలలూ వ్యక్తిగతమైన బలహీనతగా చూసి పక్కన పెట్టేస్తున్నాయి. అది చాలావరకు వాళ్లకు అప్పగించిన పనిలోంచి, ఆ పనిని మనం ఏర్పాటు చేసిన తీరులోంచి పుడుతోందనీ, కాబట్టి దాన్ని తగ్గించే బాధ్యత కూడా మనదేననీ చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

విదేశంలో చదువుకునే మామూలు విద్యార్థికి మనసు బాగోలేని రోజున చివరి వరుసలో మౌనంగా కూర్చునే వెసులుబాటు ఉంటుంది. ఆ పూట మానేసినా అడిగేవాళ్లు పెద్దగా ఉండరు. ఛాత్రోపాధ్యాయురాలికి ఆ వీలు లేదు. రాత్రి ఎంత ఏడ్చినా ఉదయం మొదటి గంట కొట్టేసరికి తరగతి నిండా పిల్లల ముందు ప్రసన్నంగా నిలబడాలి, తనది కాని భాషలోనో, తెలిసిన భాషే అయినా అలవాటులేని యాసలోనో గొంతు పెంచి మాట్లాడాలి, వెనక బల్ల దగ్గర కూర్చున్న మార్గదర్శక ఉపాధ్యాయుడు ప్రతి తడబాటునూ రాసుకుంటూ ఉంటే అది కంటపడనట్టే పాఠం నడపాలి. పిల్లల దృష్టిలో ఆమె టీచరు, స్టాఫ్ రూమ్‌లో మాత్రం విద్యార్థిని. ఆ గదిలో ఏ కుర్చీ ఎవరిదో తెలియక, ఖాళీగా ఉన్నదాంట్లో కూర్చుంటే ఎవరేమనుకుంటారోనని విరామ సమయమంతా వరండాలో నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడి గడిపినవాళ్లను నేను చూశాను. ఇల్లు గుర్తుకొచ్చేది సరిగ్గా అలాంటి చోటనే. తనకంటూ ఒక కుర్చీ, తనను పేరుపెట్టి పలకరించే ఒక మనిషి ఉన్నచోట బెంగ అంత తొందరగా కమ్ముకోదు.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో చెప్పిన ఒక విషయం నాకు ఈ సందర్భంలో తరచు గుర్తొస్తుంది. ఉన్నత పాఠశాల చదువు ముగిసేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలపాటు ఉపాధ్యాయులను దగ్గరినుంచి గమనించి ఉంటాడని ఆయన లెక్కగట్టారు. శిక్షణ కళాశాలలో అడుగు పెట్టకముందే బోధన గురించి మనకు కలిగిన అభిప్రాయాలన్నీ ఆ గమనింపులోంచి వచ్చినవే. సొంత దేశంలో బోధనాభ్యాసం చేసేవారికి ఆ గంటలు ఎంతో కొంత అక్కరకొస్తాయి. పిల్లలు గోల చేస్తే ఎంతవరకు ఊరుకోవాలో, ఎక్కడ గట్టిగా మాట్లాడాలో, తప్పు చెప్పిన పిల్లవాడిని నలుగురి ముందు సరిదిద్దవచ్చో లేదో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరో దేశంలో అడుగుపెట్టిన మరుక్షణం ఆ తెలివిడిలో సగం పనికిరాకుండా పోతుంది. ఒకచోట క్రమశిక్షణ అనిపించుకున్న మౌనం ఇంకోచోట పిల్లలకు పాఠం మీద ఆసక్తి లేదనడానికి గుర్తు కావచ్చు. ఒకచోట చొరవగా మెచ్చుకునే ప్రశ్న మరోచోట ఎదురు మాట్లాడటం కావచ్చు. తనకు బాగా తెలుసనుకున్న తరగతి గదే కొత్తదైపోవడం వాతావరణం మారడం కంటే, భాష మారడం కంటే ఎక్కువ కుంగదీస్తుందని నా అభిప్రాయం.

దీనికి మరొకటి తోడవుతుంది. ఫ్రాన్సిస్ ఫుల్లర్ అనే పరిశోధకురాలు 1969లోనే గమనించినట్టు, బోధన మొదలుపెట్టినవారి ఆందోళనలు ముందుగా తమ చుట్టూనే తిరుగుతాయి: తరగతిని అదుపులో పెట్టగలనా, పిల్లలు నన్ను లెక్కచేస్తారా, పరిశీలకులు ఏమనుకుంటారు అని. పిల్లలు నేర్చుకుంటున్నారా లేదా అనే ఆలోచన ఆ తర్వాతే బలపడుతుంది. ఇంటి దగ్గరైతే ఆ తొలి భయాన్ని సాయంత్రం ఎవరితోనో చెప్పుకుని తేలికపడవచ్చు. దూరదేశంలో ఆ భయమూ, ఇంటి బెంగా ఒకే వారంలో వచ్చి కలిసిపోతాయి. ఏది ఏదో ఆ అమ్మాయికే తెలియదు. పాఠం చెడిన రోజున ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తుంది, ఇల్లు గుర్తొచ్చిన రోజున పాఠం చెడుతుంది.

బెంగను మనిషిలోని లోపంగా చూడటం ఇవాళ్టిది కాదు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ హోఫర్ అనే యువ వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో దాన్ని ఒక జబ్బుగా వర్ణించాడు. ఆయన పేర్కొన్నవారిలో బెర్న్ నుంచి బాజెల్‌కు చదువుకోవడానికి వచ్చిన ఒక యువకుడు కూడా ఉన్నాడు. ప్రాణం మీదికి వచ్చిందనుకున్న ఆ కుర్రవాడు ఇంటికి ప్రయాణం కట్టించాక దారిలోనే తేరుకున్నాడు. హోఫర్ చూపిన మందు ఇంటికి పంపడమే. మనం ఇవాళ అలా పంపించేయడం లేదు కానీ, "మెల్లగా అదే అలవాటవుతుంది" అని వదిలేస్తున్నాం. ఈ మాటకు ఆధారంగా శిక్షణ తరగతుల్లో గీసి చూపించే వంపు గీత ఒకటుంది. నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకారవేతనంపై ఆ దేశం వెళ్లివచ్చిన నార్వే విద్వాంసులను పరిశీలించి, మొదట్లో ఉత్సాహం, మధ్యలో దిగులు, చివరికి సర్దుబాటు ఉంటాయని చెప్పిన గీత అది. అయితే ఆయన లెక్కలో ఆ గడ్డుకాలం 6 నెలల నుంచి 18 నెలల మధ్య ఉండివచ్చినవారిది. మన ఛాత్రోపాధ్యాయులు అంతకాలం ఉండనే ఉండరు. వాళ్ల దిగులు, నేను చూసినంతలో, కొత్తదనం తగ్గి పూర్తి తరగతులు చేతికి వచ్చిన మూడు నాలుగు వారాలకే బాగా ముదురుతుంది. కాలం గడిస్తే సర్దుకుంటుందనడం వాళ్లకు ఓదార్పు కాదు, ఎందుకంటే ఆ కాలం వాళ్లకు లేదు.

సాయంకాలాల గురించి కూడా చెప్పాలి. పిల్లలు వెళ్లిపోయాక దిద్దాల్సిన నోటుబుక్కులు, మర్నాటి పాఠ్యపథకం, దాన్ని ఇంకో భాషలో రాయాల్సి రావడం వల్ల పట్టే రెట్టింపు సమయం. అది ముగిసి ఫోన్ తీసేసరికి ఇంటి దగ్గర అందరూ నిద్రపోతూ ఉంటారు, లేదా పనికి బయలుదేరే హడావుడిలో ఉంటారు. అందుకే మాట్లాడటం కంటే వాళ్లు పంపిన ఫొటోలు చూస్తూ కూర్చోవడమే ఎక్కువవుతుంది. తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. బిడ్డ గొంతు బొంగురుపోయిందని తెలియగానే "ఉండలేకపోతే వచ్చెయ్యమ్మా, టికెట్ కొంటాను" అనేస్తాం. ప్రేమతోనే అంటాం. పిల్లల్లో ఇంటి బెంగ గురించి చాలాకాలం పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త క్రిస్ థర్బర్ ఇలాంటి ముందస్తు హామీలు ఇవ్వవద్దని గట్టిగా చెబుతారు. నువ్వు నెగ్గుకురాలేవన్న అనుమానం ఆ మాటలోనే వినిపిస్తుంది కాబట్టి. దానికి బదులు ఆ రోజు ఏ పాఠం చెప్పింది, ఏ పిల్లవాడు నవ్వించాడు అని అడిగి చూడండి, సంభాషణ ఎటు తిరుగుతుందో మీకే తెలుస్తుంది. మనిషి నిజంగా నిద్రాహారాలు మానేసినప్పుడు మాత్రం ఈ సలహా వర్తించదు. అప్పుడు కళాశాలకు వెంటనే తెలియజేయాలి.

ఇక కళాశాలలూ పాఠశాలలూ చేయవలసింది. మొదటి రెండు వారాలు ఛాత్రోపాధ్యాయులను వెనక కూర్చోబెట్టి "పరిశీలన" చేయించడం చాలా చోట్ల ఆనవాయితీ. కొత్త దేశంలో ఆ ఖాళీ సమయమే బెంగకు ఆటపట్టు. మొదటి రోజునుంచే ఏదో ఒక చిన్న పని పూర్తిగా వాళ్లకే అప్పగించాలి. ఒక పాఠశాలలో అలా హాజరు పిలిచే పనిని మా విద్యార్థిని ఒకరికి ఇచ్చారు. ఎన్నడూ వినని పేర్లు, ఏ అక్షరం పలకాలో ఏది మింగేయాలో తెలియని పేర్లు. ఆమె ముందురోజు సాయంత్రం మార్గదర్శక ఉపాధ్యాయురాలి పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ పలికించుకుని, పట్టిక అంచున పెన్సిల్‌తో తన సొంత లిపిలో రాసుకుంది. మర్నాడు ముందు వరుసలోని పిల్లలు అది చూసి, తమ పేరు ఆ అక్షరాల్లో ఎలా ఉంటుందో చూపించమని బల్ల చుట్టూ మూగారు. ఆ వారంలోనే ఆమెకు పాఠశాలలో ఒక చోటు దొరికింది. సలహాలూ కౌన్సెలింగ్ గంటలూ చేయలేని పని ఆ హాజరు పట్టిక చేసింది.

వీలైనంతవరకు ఒకే పాఠశాలకు ఇద్దరిని పంపాలి. పర్యవేక్షకులు పాఠానికి మార్కులు వేసే రోజున యోగక్షేమాలు అడగకూడదు. మార్కులు వేసే మనిషి ముందు ఎవరూ దిగులు చెప్పుకోరు, కాబట్టి ఆ పనికి వేరే వ్యక్తి ఉండాలి. వ్యవధి విషయంలోనూ పట్టుదల అవసరం. ఐరోపాలో విద్యార్థులను ఒక దేశం నుంచి మరో దేశానికి పంపే, 1987లో మొదలైన ఎరాస్మస్ కార్యక్రమంలో విద్యార్థుల శిక్షణకు మామూలుగా కనీసం 2 నెలలు, గరిష్ఠంగా 12 నెలలు నిర్ణయించారు. మూడు నాలుగు వారాల పర్యటనలు చవకగా ముగుస్తాయి కానీ, దిగులు బాగా ముదిరిన దశలోనే విమానం ఎక్కించి, ఆ దేశం గురించీ తన బోధనా సామర్థ్యం గురించీ ఆ చేదునే మిగిల్చి పంపిస్తాయి. వచ్చే విద్యా సంవత్సరానికి ఒప్పందాలు కుదుర్చుకునే కళాశాలలు తమ పత్రాల్లో బసతోపాటు, బీమాతోపాటు మరో మూడు సంగతులు రాయించుకోవాలని కోరుతున్నాను: మొదటి వారంలో అప్పగించే పని ఏమిటి, స్టాఫ్ రూమ్‌లో కూర్చునే చోటు ఎక్కడ, మార్కులతో సంబంధం లేకుండా ప్రతి వారం ఆ విద్యార్థితో మాట్లాడే వ్యక్తి ఎవరు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయ శిక్షకురాలు