వాసా ఓడ దగ్గర నువ్వుండాల్సిందిరా

ఒరేయ్ కెప్టెనూ,

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమనుకోకు. స్టాక్‌హోం బాగుంది, ఉద్యోగం బాగుంది. మఫ్లర్ కట్టుకుంటున్నానని అమ్మకి చెప్పు. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఆ ఓడ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

ఇక్కడ వాసా మ్యూజియం అని ఉంది. లోపలికి అడుగుపెట్టగానే మసక వెలుతురులో వాసా అనే పాత స్వీడన్ యుద్ధనౌక, మొత్తం ఓడ, 69 మీటర్ల పొడవున! 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాపలెత్తి బయలుదేరింది. ఒకటిన్నర కిలోమీటరు కూడా వెళ్లకుండానే రేవులోనే ఒరిగి మునిగిపోయింది. తుపాను లేదు, యుద్ధం లేదు. గాలి ఒక్క విసురు విసిరింది, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు వచ్చేశాయి. 64 ఫిరంగులురా, వాటిలో ఎక్కువభాగం రెండు అంతస్తుల్లో! నువ్వయితే చూడగానే పైబరువు ఎక్కువైందని చెప్పేసేవాడివి.

వాళ్లకీ తెలుసు. అదే నన్ను వదలడం లేదు. బయలుదేరకముందే 30 మందిని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తించి చూశారు. మూడుసార్లు పరిగెత్తేసరికే ఓడ భయంకరంగా ఊగింది. అడ్మిరల్ చాలు ఆపమన్నాడు. పరీక్షే ఆగింది, ప్రయాణం ఆగలేదు! రాజు గుస్తావ్ అడాల్ఫ్ యుద్ధభూమి నుంచి తొందరపెడుతున్నాడు, ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తర్వాత విచారణ జరిగింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. కట్టిన మేస్త్రి అంతకు ముందు ఏడాదే చనిపోయాడు.

పోయినవాళ్లు సుమారు 30 మంది. కొందరి ఎముకలు అక్కడే పెట్టారు. అందులో ఒకరిని చాలాకాలం మగవాడనుకుని గుస్తావ్ అని పిలిచారు. డీఎన్ఏ పరీక్షలో ఆడమనిషని తేలి 2023లో ప్రకటించారు. ఏ నావికుడి భార్యో ఏమో, ఆ అద్దాల ముందు కాళ్లు కదల్లేదురా నాకు.

చెక్క ఎలా నిలిచిందంటావా? బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ, చెక్కని తొలిచే పురుగు అక్కడ బతకలేదు. మన భీమిలి దగ్గర మునిగుంటే ఎప్పుడో తినేసేది. 1961లో పైకి తీసి, చెక్క ఎండి పగలకుండా 17 ఏళ్లపాటు పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి మందు చల్లుతూనే ఉన్నారు.

గామ్లా స్టాన్ అనే పాత ఊరి సందులు, రాజమందిరం, నోబెల్ మ్యూజియం కూడా తిరిగాను. మాంసం ఉండల పక్కన పుల్లటి పళ్ల జామ్ వేస్తారు, నాకు తెగ నచ్చింది. దాల్చినచెక్క బన్ను తింటుంటే తగరపువలస 'రెండో ప్లేటు' గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆ, అసలుది మర్చిపోతున్నా! ఓడలో వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి. రెండు స్వీడన్ అడుగువి, రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి. ఆమ్‌స్టర్‌డామ్ అడుగు పొట్టిదట. అంటే ఎడమ పక్క వాళ్లు ఒక కొలతతో, కుడి పక్క వాళ్లు... అదిగో ట్రామ్ వచ్చేసింది, మిగతాది ఫోన్లో, ఉంటాను.