ఫ్లైట్ ప్యాకేజీ అమ్మకం ఎందుకు ఆపామంటే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని మా దుకాణంలో కంప్యూటర్లు కొంటున్న ఖాతాదారులందరికీ నమస్కారం. ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్ మీద విమానం ఎగరేసే ప్రోగ్రాం, నడపడానికని ఏడాదిపాటు మేము అమ్మిన రెడీమేడ్ కంప్యూటర్‌ను, అంటే బయట బోర్డు మీద ‘ఫ్లైట్ ప్యాకేజీ’ అని రాసి పెట్టినదాన్ని, ఈ నెల నుంచి అమ్మడం లేదు. దాన్ని ఎందుకు ఆపామో, ఇప్పటికే కొన్నవారికి ఏం చేయబోతున్నామో, ఇకపై తక్కువ ఖర్చులో ఇలాంటిది కొనదలచినవారు ఏం చూసుకోవాలో తెలియజేయడానికే ఇది రాస్తున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకోవాలి. ఆ కంప్యూటర్ మేము బిగించినది కాదు. ఒక కంపెనీ బిగించి, సీలు వేసి పంపినదాన్ని తెచ్చి అమ్మాము. పెట్టె మీద ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు అని పెద్ద అక్షరాలతో ఉంది, ధర లక్ష లోపే ఉంది, తుపాకుల ఆటలు ఆడే కుర్రవాళ్లు కొన్నప్పుడు ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఇంకేం, విమానాలకూ సరిపోతుందనుకున్నాము. లోపల 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉన్నదనీ, ప్రాసెసర్ రెండు తరాల వెనకటిదనీ మాకు తెలుసు, తెలిసీ పట్టించుకోలేదు. అల్వాల్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి, “శంషాబాద్‌లో బాగానే లేస్తోందండీ, న్యూయార్క్‌లో దిగబోయేసరికి బొమ్మ ఆగి ఆగి కదులుతోంది” అన్నప్పుడు కూడా ఇంటర్నెట్ సమస్య అయి ఉంటుందని చెప్పి పంపించాము. ఆయన ఇంట్లో ఇంటర్నెట్‌కు ఏ లోపమూ లేదని తేలాక, అదే కంప్యూటర్‌ను దుకాణంలో పెట్టి, సిమ్యులేటర్‌లోని డెవలపర్ మోడ్‌ను తెరిచి చూశాము. అందులో ఫ్రేముల లెక్క, అంటే తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతోందో, దాని పక్కనే వేగం ఎక్కడ తగ్గుతోందో కూడా కనిపిస్తుంది. మెయిన్ థ్రెడ్ దగ్గర, అంటే ప్రాసెసర్ వరుసగా చేసే ప్రధాన పని దగ్గర, అని చూపించింది. మేము గొప్పగా చెప్పి అమ్మిన గ్రాఫిక్స్ కార్డు సగం సమయం ఖాళీగా కూర్చుంటోంది.

ఫ్లైట్ సిమ్యులేటర్ మామూలు ఆటల కోవలోకి రాదు. మామూలు ఆటల్లో తెర మీద బొమ్మ గీయడమే పెద్ద పని గనుక భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. విమానం విషయంలో రెక్కల మీద గాలి ఒత్తిడి, ఇంజిన్ తీరు, కాక్‌పిట్‌లోని ప్రతి మీటరు, చుట్టుపక్కల ఎగిరే ఇతర విమానాలు, కింద పరుచుకుంటూ వచ్చే నేల, వీటన్నిటి లెక్కలూ క్షణక్షణం సాగుతూ ఉండాలి; వాటిలో చాలా భాగం ప్రాసెసర్‌లోని ఒకే కోర్ (లెక్కలు చేసే భాగం) మీద ఒకదాని తర్వాత ఒకటిగా జరుగుతుంది. పదహారు కోర్లున్నా ఆ ఒక్క కోర్ ఎంత వేగంగా పని చేస్తే మీ విమానం అంత సాఫీగా ఎగురుతుంది. ఆ కోర్‌కు కావలసిన సమాచారం పక్కనే సిద్ధంగా ఉంటే పని ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే సిమ్యులేటర్ అభిమానులు ఏఎండీ వారి ఎక్స్3డీ రకం ప్రాసెసర్ల కోసం వెతుకుతారు. రైజెన్ 7 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, 32 ఎంబీ మాత్రమే ఉంటే, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో 96 ఎంబీ ఉంది. తేడా అంతా అక్కడే ఉంది.

లక్ష లోపు రెడీమేడ్ కంప్యూటర్లలో ఎక్స్3డీ ప్రాసెసర్ దొరకడం అరుదు. అటువంటప్పుడు మేము చెప్పేది ఏమిటంటే, ఇప్పటికి రైజెన్ 5 7600 వంటి ఆరు కోర్ల ప్రాసెసర్‌తో సరిపెట్టుకున్నా, అది ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ బిగించే గూడు) ఉన్న మదర్‌బోర్డు మీద ఉండేలా చూసుకోండి. రెండేళ్ల తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు ప్రాసెసర్ ఒక్కటీ తీసి 7800ఎక్స్3డీ వేసుకోవచ్చు, మిగతాది మార్చనక్కరలేదు. అయితే కొన్ని పెద్ద బ్రాండ్ల రెడీమేడ్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు, పవర్ సప్లై ఆ కంపెనీ సొంత కొలతలతో, సొంత కనెక్టర్లతో ఉంటాయి. వాటిలో ఒకటి పాడైనా, ఒకటి మార్చాలన్నా బయట దొరికేవి బిగవు. కొనేముందు పక్క డోరు తీసి చూపించమని అడగండి. చూపించనన్న దుకాణంలో కొనకపోవడమే మంచిది, అది మా దుకాణమైనా సరే.

ర్యామ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అసలు చిక్కంతా దానితోనే. 2024 నవంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు కనీసం 16 జీబీ ఉండాలని, 32 జీబీ ఉంటే మేలని తయారీదారులే చెప్పారు. 16 జీబీతో ఆట తెరుచుకుంటుంది, ఎగురుతుంది, పెద్ద నగరం మీదికి రాగానే తడబడుతుంది. ఉన్న ర్యామ్ ఒకే స్టిక్‌గా కాకుండా రెండుగా ఉంటే ప్రాసెసర్‌కు ఒకేసారి రెండు దారులు దొరుకుతాయి. అదే 16 జీబీని రెండు ఎనిమిదులుగా వేసినా తేడా తెలుస్తుంది. ఏడాది క్రితమైతే ఇంకో స్టిక్ వేయించుకోండని తేలిగ్గా చెప్పేవాళ్లం. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధర పెరుగుతూ వచ్చి, మా కొనుగోలు ధరే రెండింతలు దాటింది. ర్యామ్ తయారుచేసే మైక్రాన్ సంస్థ క్రూషల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు సరుకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులోనే ప్రకటించింది. మేము ఇచ్చే కొటేషన్ పదిహేను రోజులు చెల్లుతుందని గతంలో రాసేవాళ్లం. ఇప్పుడు మూడు రోజులని రాస్తున్నాము. అందుకు మన్నించాలి.

దీనివల్ల జరిగిన ఒక విచిత్రం కూడా దాచదలచుకోలేదు. పాత ధరకు కొన్న ర్యామ్‌తో ముందే బిగించి గోదాముల్లో ఉంచిన రెడీమేడ్ కంప్యూటర్లు కొన్ని, ఈ రోజు మేము విడిభాగాలు కొని బిగించి ఇచ్చే ధర కంటే తక్కువకు దొరుకుతున్నాయి. అలాంటిది మీ కంటబడి, అందులో 32 జీబీ ర్యామ్, మంచి ప్రాసెసర్ ఉంటే, మా దగ్గర బిగించుకోవాలనే మొహమాటం పెట్టుకోకండి. అక్కడే కొనండి.

గ్రాఫిక్స్ కార్డులో చూడవలసింది దాని సొంత మెమరీ. 8 జీబీ కార్డుతో ఫుల్ హెచ్‌డీ తెర మీద టెక్స్చర్ల (వస్తువుల ఉపరితలం మీది బొమ్మల) నాణ్యతను ఒక మెట్టు తగ్గించుకుంటే హాయిగా నడుస్తుంది. తెర అంతకంటే పెద్దదైతే 12 జీబీ ఉన్న కార్డు, అది ఆర్‌టీఎక్స్ 3060 లాంటి పాతదైనా పరవాలేదు, ఆలోచించదగినదే. సెకనుకు 165 సార్లు మారే తెరకు మాత్రం అదనంగా ఖర్చు పెట్టకండి. విమానం సెకనుకు 30 ఫ్రేములు తగ్గకుండా నిలకడగా నడిస్తే చాలు. రంగు రంగుల లైట్ల ఫ్యాన్లూ అంతే. అలా మిగిలిన డబ్బుతో జాయ్‌స్టిక్ కొనండి. కీబోర్డుతో విమానం దించడం ఎంత ఖరీదైన కంప్యూటర్ మీదైనా నరకమే.

‘ఐ7 కంప్యూటర్’ అంటూ ఇరవై వేలకు దొరికే పాత ఆఫీసు కంప్యూటర్లతో జాగ్రత్త. వాటిలో చాలావరకు ఇంటెల్ నాలుగో తరానికి చెందిన బాగా పాత ప్రాసెసర్లవి. వాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, లోపలి చిన్న పవర్ సప్లై మంచి గ్రాఫిక్స్ కార్డును మోయలేదు.

బేగంపేట వైపు నుంచి వచ్చే పైలట్ శిక్షణ విద్యార్థులకు ఒక మాట. ఇంట్లో కంప్యూటర్ మీద ఎగిరిన గంటలు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సుకు లెక్కలోకి రావు. చెక్‌లిస్టులు నోటికి రావడానికి, దిశలు చూసుకునే సాధనాలు చేతికి అలవాటు కావడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. అంతవరకే అయితే మీకు ఖరీదైన కంప్యూటర్ అక్కరలేదు. ఎక్స్‌ప్లేన్ 12 అనే మరో సిమ్యులేటర్‌కు ఉచిత డెమో ఉంది, ఫ్లైట్‌గేర్ అయితే పూర్తిగా ఉచితం. వాటిని మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద వారం రోజులు నడిపి చూసి, ఆ తర్వాత మా దగ్గరికి రండి.

ఇక ఫ్లైట్ ప్యాకేజీ కొన్నవారి సంగతి. రెండో ర్యామ్ స్టిక్‌ను మేము కొన్న ధరకే, లాభం వేసుకోకుండా ఇచ్చి, ఉచితంగా బిగిస్తాము. ప్రాసెసర్ మార్చడానికి ఆ మదర్‌బోర్డు అనుకూలించదు. ఆ విషయంలో మేము చేయగలిగింది లేదు. ర్యామ్ కూడా వద్దనుకుంటే, సెట్టింగుల్లో ఇతర విమానాల రద్దీని, నేల వివరాల స్థాయిని బాగా తగ్గించండి. ఈ రెండూ నేరుగా ప్రాసెసర్ భారాన్నే తగ్గిస్తాయి. అల్వాల్ పెద్దాయన కంప్యూటర్‌ను మొదట ఇలాగే సరిచేశాము, ఇప్పుడాయన న్యూయార్క్‌లో దిగగలుగుతున్నారు.

మంగళ, బుధవారాల్లో ఉదయం పదకొండు నుంచి రెండు వరకు ఈ పనికే కేటాయించాము. మానిటర్ తేనక్కరలేదు, బిల్లు లేకపోయినా పరవాలేదు. మీ జాయ్‌స్టిక్ మాత్రం వెంట తెచ్చుకోండి. మా దుకాణంలో ఉన్న ఒక్కటీ ఈ పరీక్షల్లో నలిగి నలిగి, ఎటు తిప్పినా ఎడమవైపుకే లాగుతోంది.