ఆరుగురు వచ్చి పోయిండ్రట

హనుమకొండ,
ఆదివారం పొద్దున

చిన్నీ,

నీ ఫోన్ రాక మూడు వారాలాయె. పనిల ఉన్నవనుకుంటున్న. కాజీపేట అత్త మొన్న వచ్చి మీ సేవా క్లబ్ ముచ్చట తీసింది. కొత్త సభ్యులను చేర్పించే బాధ్యత నీకిచ్చిండ్రట, పోయిన నెల ఆరుగురు అతిథులు వచ్చిండ్రట, మళ్లీ ఒక్కరూ రాలేదట, నువ్వు ఆ బాధ్యతే వద్దంటున్నవట. నిజమా కాదా అని అడగను. ఊరికే నాలుగు మాటలు రాస్తున్న.

బాపు బీపీ గోలీలు వేళకే వేసుకుంటున్నడు. నీకు పల్లికారం సీసాకెత్తి పెట్టిన.

ఆ ఆరుగురిని పిలిచింది ఎవరు బిడ్డా? వాట్సాప్ గ్రూపుల ఆహ్వానం పెట్టి ఊకుంటే వచ్చినోళ్లు ఎవరి అతిథులూ కారు. ఒక్కో అతిథికి ఒక్కో సభ్యుడు పూచీ ఉండాలె. రెండ్రోజుల ముందే ఫోన్ చేసి హాలెక్కడ, ఎంతసేపు, భోజనం ఉన్నదా లేదా చెప్పాలె. ఆ రోజు పావుగంట ముందు గేటుకాడ నిలబడాలె. అతిథికి ఒక పక్క తను కూసోని, రెండో పక్క అదే వృత్తోళ్లనో, అదే ఊరోళ్లనో కూసోబెట్టాలె. బ్యాడ్జి మీద పేరు పెద్దక్షరాలల్ల రాయాలె.

పోచమ్మమైదాన్ బాబాయి సంగతి నీకు తెల్వదు. పరకాల దిక్కు నుంచి ఒక సారును క్లబ్‌కు తోల్కపోయిండు. ఆ రోజు బాబాయి స్టేజీ మీద. సారు చివరి వరుసల ఒక్కడే కూసున్నడు. హాలు కిరాయి ఎవరు కట్టాలన్న పాత పంచాయితీ నలభై నిమిషాలు నడిచింది. ఆఖరుకు మైకు ఆయన చేతిల పెట్టి, రెండు ముక్కలు మాట్లాడుమని, అన్నదానానికి ఎంత రాసుకుంటరని అందరి ముందట అడిగిండ్రు. ఐదువందలిచ్చి, టీ కూడా తాగకుండ పోయిండట. బాబాయి చానా బాధపడి, మూడు నెలలు ఆ మాటే ఎత్తలేదు. తర్వాత కంటి శిబిరం పెడితే, సభ్యత్వం ఊసు లేకుండ, రిజిస్ట్రేషన్ బల్ల చూసుకొమ్మని అడిగిండు. సారు పేరు, వయసు, ఊరు, ఏ కన్ను అన్నీ రాసి, ప్రతి ముసలవ్వ దగ్గర కొడుకుదో, పక్కింటోళ్లదో ఇంకో నంబర్ అడిగి తీసుకున్నడు. ఆపరేషన్‌కు బస్సు వచ్చిన రోజు ఆ రెండో నంబర్లే అక్కరకొచ్చినయి. ఒక్క నంబరే రాసుకుంటే, ఆ ఫోన్ మోగకపోతే మనిషి దొరకడు, బస్సు పోతది, ఆ కన్ను అట్లనే ఉంటది. ఆ సాయంత్రం సారే క్లబ్‌ల చేరే ఫారం అడిగిండు.

అందుకే అంటున్న, మొదటిసారి వచ్చినోళ్లను చందా అడగొద్దు, మైకియ్యొద్దు. పాత లెక్కల పంచాయితీలు బోర్డు మీటింగుల తేల్చుకోవాలె. తెల్లారి ఫోన్ చెయ్యాలె. రెండోసారి ఒక పనికి పిలువాలె, రెండు గంటల్ల అయిపోయేది. పైసల సంగతి ఆ తర్వాత, దాచకుండ, కాయితం మీద రాసియ్యాలె: చేరే రుసుము, ఏడాది చందా, అందుల పై సంస్థకు పోయేదెంత, భోజనం ఖర్చు, ఇష్టముంటే ఇచ్చే విరాళం వేరుగ. రోటరీ, లయన్స్ సేవా క్లబ్బులు రెండింటికీ ఏడాది జులై 1న మొదలై జూన్ 30న అయిపోతది. మే నెలల చేర్పించి, జులైల మళ్లా కట్టుమంటే మోసపోయినమనుకుంటరు. జూన్‌ల సభ్యుల లెక్క ఎక్కువ చూపెట్టనీకి ఎవరిదో చందా జేబులకెల్లి కట్టి పేరెక్కించే పని నువ్వు మాత్రం చెయ్యకు. ఆ పేర్లు మళ్లేడాదికి ఉండయి.

ఆరుగురు తక్కువని బాధపడుతున్నవేమో. 1905 ఫిబ్రవరి 23న చికాగోల పాల్ హారిస్ రోటరీ మొదలువెట్టిననాడు ఉన్నది నలుగురే. ఒకసారి ఒకరి ఆఫీసుల, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసుల కూసునేటోళ్లు, ఆ పేరు అట్లనే వచ్చింది. ఆడోళ్లకైతే లయన్స్ తలుపులు తెరుచుకున్నది 1987ల, రోటరీ అన్ని దేశాలల్ల తెరిచింది 1989ల. ఇప్పటికీ ఆడమనిషి అతిథిగ వస్తే చాయ్ ఏర్పాట్లు చూడమంటరు. మీ దగ్గర ఆ మాట ఎవరన్నా అంటే అక్కడే ఆపు, లెక్కల బల్ల కాడ కూసోబెట్టు.

చేరినంక కూడ వదిలెయ్యొద్దు. కొత్త సభ్యునికి క్లబ్ పిన్ను పెట్టేది పూచీ ఉన్న సభ్యుడే కావాలె, ఇంటోళ్లను కూడ పిలువాలె. నెల తిరగకముందే ఒక కమిటీల పని చెప్పాలె. మూడు నెలలు పూచీ ఉన్నోళ్లు పక్కనే కూసోవాలె.

మళ్లా అదే అంటున్నననుకోకు. ఆ ఆరుగురి నంబర్లు నీ దగ్గర ఉంటే, ఒక్కొక్కరికి నువ్వే ఫోన్ చెయ్యి. ఎందుకు రాలేదని అడగకు. వచ్చిననాడు సరిగ్గ చూసుకోలేదు, మన్నించుండ్రి అను. ఇద్దరు పలికినా చాలు.

సరిగ్గ తింటున్నవా? మీటింగ్ రోజు రాత్రి లేటయితే ఆటోల ఒక్కదానివే రాకు, ఎవరన్నా ఇంటి గడప దాకా దింపుమను. పల్లికారం మీ అన్నతోని బండిల పంపుతున్న, సీసా మూత గట్టిగ బిగించిన, ఎండకు పెట్టకు.

కాజీపేట అత్త మంగళవారం మళ్లొస్తది. ఆలోపల ఒక్కసారి ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిది దాటినా పర్వాలేదు, మేల్కొనే ఉంట.

అమ్మ