మా పాపకు ఇచ్చిన మత్తు సిరప్ గురించి ఫిర్యాదు

మెడికల్ డైరెక్టర్ గారికి, కస్టమర్ కేర్ విభాగానికి

విషయం: గత నెల రెండో శనివారం హైదరాబాద్‌లోని మీ బ్రాంచిలో మూడున్నరేళ్ల మా పాపకు పళ్ల ట్రీట్‌మెంట్ కోసం మత్తు ఇచ్చిన తీరుపై ఫిర్యాదు.

నమస్కారం.

మీ బ్రాంచి మేనేజర్ గారికి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "పాప ఇప్పుడు బాగానే ఉంది కదా మేడమ్" అన్నారు. అవును, బాగానే ఉంది. ఆ రోజు ఆటోలో మా అత్తయ్య పక్కన లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ రాత్రిళ్లు మెలకువ వచ్చేస్తోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పంపుతున్నాను.

పాపకు నాలుగు దవడ పళ్లు పుచ్చిపోయాయి. రెండేళ్లు దాటాక కూడా పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టాం, ఆ తప్పు మాది. మొదటిసారి మీ దగ్గరికి తీసుకొచ్చినప్పుడు పాప ఏడుపు లంకించుకుంది, నోరు తెరవనే లేదు. "వచ్చేసారి ఒక సిరప్ ఇస్తాం, కాస్త రిలాక్స్ అవుతుంది, నాలుగూ ఒకేసారి చేసేద్దాం" అన్నారు డాక్టరమ్మ. మత్తు అన్న మాట ఆవిడ నోట రాలేదు. జలుబు మందులాంటిదేదో అనుకున్నాం మేము.

ముందు రోజు సాయంత్రం మీ రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. "ఆకలి మీద ఉంటే పిల్లలు పేచీ పెడతారు, ఏమైనా తినిపించి తీసుకురండి" అన్నారు. తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు, గ్లాసుడు పాలు పట్టించి తీసుకొచ్చాను. పదిన్నరకు సిరప్ తాగించారు. మత్తు ఇచ్చే ముందు పాలు, టిఫిన్ అయితే 6 గంటలు, తల్లిపాలు అయితే 4 గంటలు, మంచినీళ్లు అయితే 2 గంటలు ఆగాలట. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుందట. ఇది నాకు అదే రోజు మధ్యాహ్నం, పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్ చెబితే తెలిసింది. తినిపించి తెమ్మని ఫోన్ చేసింది మాత్రం మీరు.

పాపను తూకం వేయలేదు. బరువెంత అని నన్ను అడిగారు. పదిహేను కిలోలు ఉంటుందేమో అన్నాను, అదే రాసుకున్నారు. ఆసుపత్రిలో తూస్తే 12.8 కిలోలు. ఆ సిరప్ మిడాజోలం అని కూడా అక్కడే తెలిసింది. అది కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కట్టి ఇచ్చే మందు. తల్లి నోటి అంచనా మీద దాని లెక్క ఎలా కట్టారు? అంత చిన్న ఒంటికి రెండు కిలోల తేడా చిన్నది కాదు. పైగా నాలుగు పళ్లకూ తిమ్మిరి ఇంజెక్షన్లు ఇచ్చారు. వాటికీ బరువును బట్టి ఒక పరిమితి ఉంటుంది.

నన్ను గది బయట కూర్చోబెట్టారు. అద్దం తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. లోపల ఉన్నది డాక్టరమ్మ, ఒక అసిస్టెంట్, అంతే. ఆ అమ్మాయే సక్షన్ పైపు పట్టుకుంటోంది, ఆ అమ్మాయే సామాను అందిస్తోంది. పాప వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు రెండుసార్లు జారిపోయి మెషిన్ కూత పెట్టింది. రెండోసారి సౌండ్ ఆపేశారు. క్లిప్పు మళ్లీ పెట్టారో లేదో నాకు కనిపించలేదు.

పన్నెండు కాకముందే "అయిపోయింది, ఇంటికి తీసుకెళ్లండి, నిద్రపోతే పోనివ్వండి" అని నా భుజం మీద వేశారు. పాప కళ్లు తెరవడం లేదు. అడిగితే "అలాగే ఉంటుందమ్మా" అన్నారు. ఆటోలో మా అత్తయ్య ఒళ్లో పడుకోబెట్టాం. తల ముందుకు వాలిపోయి గుర్రుగుర్రుమని శబ్దం వచ్చింది, కాసేపటికి ఆ శబ్దం కూడా ఆగిపోయింది. పెదాలు నీలంగా మారుతున్నాయని అత్తయ్యే చూశారు. గడ్డం పట్టి పైకి ఎత్తితే గట్టిగా ఒక ఊపిరి తీసుకుంది. ఆసుపత్రి చేరేదాకా ఆవిడ ఆ చెయ్యి తీయలేదు. అక్కడికి వెళ్లేసరికి ఆక్సిజన్ 89 శాతానికి పడిపోయి ఉంది. మాస్కు పెట్టి, నాలుగు గంటలు కళ్లముందు ఉంచుకుని, పాప నన్ను గుర్తుపట్టి నీళ్లు అడిగాక పంపించారు.

పిల్లలకు మత్తు ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. నోరు తెరవని పసివాళ్లకు కొన్నిసార్లు అదే దారని ఇప్పుడు నాకూ తెలుసు. కానీ తేలికగా ఇచ్చామనుకున్న మత్తు పిల్లల్లో చూస్తుండగానే గాఢంగా మారిపోవచ్చు. వాళ్ల శ్వాసదారి సన్నగా ఉంటుంది, నాలుక పెద్దగా ఉంటుంది, ఆక్సిజన్ పెద్దవాళ్లకంటే చాలా తొందరగా పడిపోతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల, పిల్లల దంతవైద్యుల అకాడమీలు కలిసి 2019లో సవరించిన మార్గదర్శకాలు ఈ భయంతోనే రాసినవి. మత్తు అనుకున్నదానికంటే ఎక్కువైతే కాపాడగల శిక్షణ ఉండాలి, గాఢమైన మత్తయితే పిల్లను కనిపెట్టుకుని ఉండడమే పనిగా ఒక మనిషి ఉండాలి, పూర్తిగా తేరుకున్నాకే ఇంటికి పంపాలి అంటాయి అవి. వీటిలో ఏ ఒక్కటీ మీ బ్రాంచిలో నాకు కనిపించలేదు.

నాతో సంతకం పెట్టించిన కాగితంలో పళ్ల చికిత్సకు ఒప్పుకుంటున్నాను అని ఉంది. మత్తు గురించి, దాని ప్రమాదం గురించి ఒక్క ముక్క లేదు. ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. వేరే దారులున్నాయని కూడా మీరు చెప్పలేదు. తర్వాత మేం వెళ్లిన డాక్టర్ గారు పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టి, ఆ నాలుగింటిలో మీరు సగంలో వదిలేసిన రెండు పళ్లలో ఒకదానికి పుచ్చు ముదరకుండా ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూశారు. పన్ను నల్లబడుతుందని ముందే చెప్పారు. ఇంకోదానికి ఇంజెక్షన్ లేకుండా, డ్రిల్లింగ్ లేకుండా స్టీల్ క్యాప్ తొడిగారు. పాప ఏడ్చింది, కానీ మెలకువగా ఏడ్చింది.

పాప కేసు షీటు పూర్తి కాపీ నాకు కావాలి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి ఇచ్చారు, తిమ్మిరి ఇంజెక్షన్లు ఎన్ని ఇచ్చారు, ఆక్సిజన్ రీడింగులు ఏ టైముకు ఎంత ఉన్నాయి, అన్నీ అందులో ఉండాలి. రాసుకోకపోతే రాసుకోలేదనే రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ఆ రోజు గదిలో ఉన్నవాళ్లకు పిల్లల ప్రాణరక్షణ శిక్షణ ఉందా, మిడాజోలంకు విరుగుడైన ఫ్లూమాజెనిల్, పసిపిల్లల సైజు ఆక్సిజన్ మాస్కు అక్కడ ఉన్నాయా, సమాధానం ఇవ్వండి. తినిపించి తీసుకురమ్మని చేసే ఆ ఫోన్లు మాత్రం ఈ ఉత్తరం చేరిన రోజే ఆపించండి. రేపు ఉదయం మీ బ్రాంచికి ఇంకో పాప వస్తుంది. ఎమర్జెన్సీ బిల్లు, మీకు కట్టిన ఫీజు తిరిగి ఇవ్వడం గురించి ఆ తర్వాత మాట్లాడదాం.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పంపుతాను. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మీ బిల్లు, నేను సంతకం పెట్టిన ఫారం ఫోటో జతచేస్తున్నాను.

ఇట్లు,
పాప తల్లి
హైదరాబాద్