పాత కంప్యూటర్‌లో ఐ7 పెట్టించుకునేవారికి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి పాత డెస్క్‌టాప్‌ను పారేయకుండా అందులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించి, ఉన్న ఇంటెల్ ఐ3 చిప్ (ప్రాసెసర్) తీసేసి అంతకంటే వేగమైన సెకండ్‌హ్యాండ్ ఐ7 పెట్టించుకునేవారు మా మరమ్మతు దుకాణానికి తరచుగా వస్తున్నారు. ఆలోచన మంచిదే. అయితే చిప్ సాకెట్‌లో కూర్చుంటే పని అయిపోయిందని అమ్మేవారు, కొనేవారు కూడా అనుకోవడం వల్ల, ఎండలు ముదరగానే అవే యంత్రాలు నెమ్మదించడమో, ఉన్నట్టుండి రీస్టార్ట్ కావడమో జరుగుతోంది.

2011 నాటి ఐ3-2100కు కంపెనీ ఇచ్చిన టీడీపీ (పూర్తి పనిలో చిప్ వెదజల్లే వేడి లెక్క) 65 వాట్లు కాగా, అదే 1155 సాకెట్‌లో పట్టే ఐ7-2600కు 95 వాట్లు. ఫ్యాన్‌తో పనిచేసే ఏ కూలరూ చిప్‌ను గది కంటే చల్లగా ఉంచలేదు. గది వేడి మీద చిప్ వేడి ఎంత పెరగాలన్నదే దాని చేతిలో ఉంది. ఐ3ను పూర్తి పనిలో గది కంటే 30 డిగ్రీలు పైన నిలిపే కూలర్, ఐ7ను దాదాపు 44 డిగ్రీలు పైన నిలుపుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గదిలోనే 40 డిగ్రీలుంటే చిప్ 84కు చేరుతుంది. దానికి దుమ్ము పట్టిన ఫ్యాన్, చిప్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్టు ఎండిపోవడం తోడైతే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న వేగం అక్కడే పోతుంది.

చాలామంది చూడనిది మదర్‌బోర్డు. చిప్‌కు కరెంటు అందించే వీఆర్ఎం భాగాలకు చవక హెచ్61 బోర్డులు చాలావాటిలో హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) ఉండదు. కంపెనీ కూలర్ గాలిని కిందికి కొడుతుంది కాబట్టి ఆ భాగాలకు కూడా కొంత గాలి తగులుతుంది. ఖరీదైన టవర్ కూలర్ గాలిని పక్కకు కొట్టడంతో చిప్ చల్లబడినా అవి కాగిపోతుంటాయి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత బాగానే కనిపిస్తూ సిస్టమ్ పడిపోతుంటే నేను ముందుగా అక్కడా, ఆ తర్వాత పాత ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె)లోనూ చూస్తాను. క్యాబినెట్ వెనుక ఒక ఫ్యాన్ చేర్చడం, బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) టర్బో, అంటే చిప్ తనంతట తాను వేగం పెంచుకునే ఏర్పాటు, ఆపేయడం ఇక్కడ బాగా పనికొస్తాయి. ఐ7-2600 అప్పుడు 3.8 గిగాహెర్ట్జ్‌కు పోకుండా 3.4 వద్దే ఆగుతుంది. ఇంటి పనులకు ఆ తేడా తెలియదు.

మూడో తరం ఐ7 కొనేవారు, పాత చిప్ బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయించుకోవాలి. కూలర్ నాలుగు పిన్నులూ పూర్తిగా దిగాయో లేదో బోర్డు వెనుక నుంచి చూసుకోవాలి.

దుకాణదారులకు నా విన్నపం ఒక్కటే: చిప్ మార్చిన యంత్రాన్ని క్యాబినెట్ మూసి, అరగంట పాటు పూర్తి లోడుపై నడిపి, ఆ ఉష్ణోగ్రతను బిల్లు మీద రాసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మరమ్మతుదారు,
సికింద్రాబాద్