గోలీ మానాలనుకునేవాళ్లకు ఒక దారి చూపండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కామారెడ్డి జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. డాక్టరు రాసిన నిద్ర గోలీలకు అలవాటు పడి, ఇప్పుడు వాటిని మెల్లగా మానుకుంటున్నదాన్ని. నా సంగతి చెప్పే ముందు మా మామయ్య సంగతి చెప్పాలి.

2015లో ఒక రాత్రి ఆయన గోడ మీద పాములు పాకుతున్నాయంటూ మంచం మీద నుంచి కిందికి దూకారు. చేతులు వణుకుతున్నాయి. మెడ ఒక పక్కకు తిరిగిపోతోంది. గాలిలో లేని దారాలేవో పట్టుకుని లాగుతున్నారు. వాడకట్టులో పెద్దవాళ్లు గాలి సోకిందన్నారు, నిమ్మకాయలు తిప్పారు. తెల్లారేసరికి ఊళ్లో ఇంకో నలుగురైదుగురిది అదే పరిస్థితి. అప్పటికి మాది నిజామాబాద్ జిల్లానే. కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలకు సరుకు ఆగిపోయిన రోజులవి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఇలాగే దవాఖానల పాలయ్యారు. ఆయన ఏళ్ల తరబడి రోజూ తాగింది ఈత కల్లు కాదు, మందు కల్లు. అందులో కలిపేవి అల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర, మత్తు మందులు. ఆగింది కల్లు అనుకున్నాం గానీ, నిజానికి ఆగింది మందు. అది మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన బతికి బయటపడ్డారు. కొన్నాళ్లకు దుకాణం మళ్లీ తెరిచారు, ఆయన మళ్లీ వెళ్లారు.

ఇప్పుడు నా సంగతి. 2018లో మా ఆయన రోడ్డు ప్రమాదంలో పోయారు. నెల దాటినా కన్ను మూతపడలేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరు గారు అల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాముల గోలీ రాసిచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆ మేలు నేను కాదనను, ఆ మందును తిట్టడానికి కూడా ఈ లేఖ రాయడం లేదు. చీటీ మీద 15 రోజులకని ఉంది. 16వ రోజు ఏం చేయాలో మాత్రం చీటీ మీద లేదు, నాకెవరూ చెప్పలేదు. అదే చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇస్తూనే ఉన్నారు. కొన్ని నెలలకు 0.25 పని చేయడం మానేసింది. 0.5 అయింది. తర్వాత పొద్దున కూడా ఒకటి లేకపోతే చాక్‌పీస్ పట్టుకున్న చేయి వణికేది. నేను దాన్ని టెన్షన్ అనుకున్నాను. రెండు గోలీల మధ్య మందు తగ్గినప్పుడల్లా వచ్చే వణుకు అది. ఆ మాట చెప్పేవాళ్లు దొరకడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

2024 వేసవి సెలవుల్లో గట్టిగా అనుకుని ఒక్కసారే ఆపేశాను. మొదటి రోజు చెమటలు. రెండో రోజు వంటింట్లో గిన్నె కింద పడితే ఆ చప్పుడుకు చెవులు మూసుకుని ఏడ్చాను. మూడో రోజు సాయంత్రం ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. ఫిట్స్ వచ్చాయని మా అబ్బాయి చెప్పాడు. దవాఖానలో తలకు స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. గోలీల గురించి ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఆ రాత్రి కళ్లు మూసుకుంటే మామయ్య గాలిలో దారాలు లాగడం కనిపించింది. ఆయన సీసాలో కలిసింది, నా పర్సులో ఉన్నది ఒకటే మందని అప్పుడు తెలిసింది.

అయ్యా, ఇందులో మనసు గట్టిదా కాదా అన్న ప్రశ్నే లేదు. మెదడులో గాబా అనే రసాయనం బండికి బ్రేకు లాంటిది. ఈ గోలీలు ఆ బ్రేకును ఇంకా గట్టిగా నొక్కుతాయి. నెలలు, ఏళ్లు అలా నొక్కితే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. అప్పుడు గోలీని ఒక్కసారిగా తీసేస్తే బండిని ఆపేది ఏదీ ఉండదు. నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరికి మతి చలిస్తుంది. ప్రాణం కూడా పోవచ్చు. నెమ్మదిగా తగ్గిస్తే మెదడు తన బ్రేకును మళ్లీ బిగించుకునే వీలుంటుంది.

ఆ నెమ్మదిగా తగ్గించే చోటు కోసం నేను నాలుగు నెలలు తిరిగాను. ఒక చోట అవే గోలీలు మూడు నెలలకు రాసిచ్చి, ఈ వయసులో ఇవి మానడమెందుకమ్మా అన్నారు. ఇంకో చోట డీఅడిక్షన్ సెంటర్‌లో చేరమన్నారు, వారంలో అన్నీ బంద్ చేస్తామన్నారు. ఒక్కసారే ఆపితేనే ఫిట్స్ వచ్చాయని చెప్పినా వినలేదు. ఫారంలో నా పేరు పక్కన ‘అడిక్ట్’ అని రాస్తుంటే పెన్ను పట్టుకుని ఆపాను. డాక్టరు రాసిన మందును డాక్టరు చెప్పినట్టే వేసుకున్న మనిషిని నేను. ఆ ముద్ర భయానికి ఎంతమంది ఆడవాళ్లు గోలీ దాచుకుని బతుకుతున్నారో ఆ రోజు అర్థమైంది.

చివరికి హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్టు మేడం దొరికారు. అల్ప్రజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది, డయజిపామ్ మెల్లగా దిగుతుంది. అందుకని ఆమె కొన్ని వారాల్లో నన్ను దాని మీదికి మార్చారు. రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలైంది. మూడు వారాలకోసారి కాస్త తగ్గించడం, కష్టమైతే అక్కడే ఆగడం, వెనక్కి మాత్రం పోకపోవడం. ఇప్పుడు 5 దగ్గర ఉన్నాను. ఇది ఆమె కనిపెట్టిన వైద్యమేమీ కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 వరకు, పన్నెండేళ్లు, ఈ గోలీలు మానేవాళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపారు. ఎంత వేగంగా తగ్గించాలన్నది రోగి ఒళ్లే చెప్పాలన్నది ఆమె పద్ధతి. అమెరికన్ సొసైటీ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్ మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. మొదట రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించి చూడాలని, అలవాటు పడ్డవాళ్లకు ఒక్కసారిగా ఆపకూడదని అందులో ఉంది. అంటే వైద్యం తెలియక కాదు, మా జిల్లాదాకా రాక.

ప్రతి మూడు వారాలకు నాకు ఒక సెలవు, రానుపోను బస్సు ఛార్జీలు, మేడం ఫీజు. జీతం ఉంది కాబట్టి నేను పెట్టగలుగుతున్నాను. బీడీలు చుట్టే అక్కకు ఇది సాధ్యమా? ఇంకో చిన్న ఇబ్బంది చెబుతాను, చిన్నదే గానీ ప్రాణం తీస్తుంది. డయజిపామ్‌లో 2 మిల్లీగ్రాముల గోలీ ఉంది, మా దగ్గర షాపుల్లో దొరకదు. 5 దాన్నే బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తాను. ఒక ముక్క పెద్దది, ఒకటి పొడి. ఏ రోజు ఎంత మింగానో నాకే తెలియదు. పొడి ఎక్కువ రాలిన రోజు రాత్రి నిద్ర ఉండదు, పొద్దున ఆరో తరగతికి భిన్నాలు చెప్పాలి.

2014 మార్చి 1 నుంచి అల్ప్రజోలం, డయజిపామ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఉన్నాయి. అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారు అన్నవి విడిగా రిజిస్టరులో ఎక్కించాలి. మంచి నిబంధన. సరిగ్గా అమలైతే నాకు ఆరేళ్లు పాత చీటీ మీద గోలీలు అందేవే కావు. కానీ తనిఖీలు జరిగిన వారం షాపువాళ్లు భయపడి, సరైన చీటీ ఉన్నవాళ్లకు కూడా లేవు పొమ్మంటున్నారు. పోయిన దసరా ముందు నేను మూడు ఊళ్లు తిరిగాను. తగ్గించుకుంటున్న మనిషికి వారం మందు దొరక్కపోతే ఏమవుతుందో మీకు పైన రాశాను.

కల్లు విషయంలోనూ ఇదే జరుగుతోంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. దుకాణాలు మూయించారు, కేసులు పెట్టారు. మూయాల్సిందే. కల్లులో మందు కలిపేవాళ్ల మీద నాకు ఏ జాలీ లేదు, మా ఇంటి మగవాళ్లను రెండు తరాలు నాశనం చేశారు. కానీ దుకాణానికి తాళం పడ్డ రోజు నుంచి మూడు నాలుగు రోజుల్లో ఆ వాడలో ఏం జరుగుతుందో 2015లోనే చూశాం. ఎక్సైజ్ వాళ్లు దాడికి వెళ్లే ముందు ఆ మండలం ప్రభుత్వ దవాఖానకు ఒక మాట చెప్పి, మంచాలు, మందు సిద్ధం చేయించలేరా? వణుకు, చెమటలు, మతి తప్పిన మాటలు కనిపిస్తే నిమ్మకాయలు తిప్పకుండా దవాఖానకు తీసుకురమ్మని ఆశా అక్కలతో ఇంటింటికీ చెప్పించలేరా? రెండు శాఖలు మాట్లాడుకుంటే అయిపోయే పని.

నేను అడిగేది కొత్త భవనం కాదు. జిల్లాకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి మానసిక వైద్య విభాగంలో వారానికి ఒక్క పూట ఈ గోలీలు తగ్గించుకునేవాళ్ల కోసం ఓపీ పెట్టించండి. దాని బోర్డు మీద డీఅడిక్షన్ అని రాయొద్దు, ‘నిద్ర మాత్రలు తగ్గించే ఓపీ’ అని రాయండి చాలు, ఆడవాళ్లు వస్తారు. ఆ దవాఖాన మందుల కౌంటర్‌లో డయజిపామ్ 2 మిల్లీగ్రాముల గోలీ ఉంచండి. అక్కడ తగ్గించుకుంటున్నవాళ్లకు ఒక కార్డు ఇవ్వండి, తనిఖీల వారం కూడా షాపువాడు భయపడకుండా మందు ఇచ్చేలా. ఎలా తగ్గించాలో తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండు పేజీల పద్ధతి రాయించి బస్తీ దవాఖానల నుంచి పల్లె దవాఖానల దాకా పంపండి. రాయడానికి భయపడే డాక్టర్లకూ అది ధైర్యం. కొత్తగా ఈ మందు రాసే ప్రతి చీటీ మీద ఆపే తేదీ కూడా ఉండాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేసేవాళ్లకు ఈ ఓపీ ఏ ఊళ్లో ఏ రోజో చెప్పగలగాలి.

ఇది చదివేవాళ్లలో ఈ గోలీలు వేసుకుంటున్నవాళ్లు ఉంటారు. అమ్మా, అయ్యా, నా లేఖ చదివి ఈ రాత్రే ఆపేయకండి. నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. డాక్టరుకు నిజం చెప్పండి, ఎన్నేళ్ల నుంచో, రోజుకు ఎన్నో దాచకుండా చెప్పండి. మందు కల్లు తాగేవాళ్లుంటే అదీ చెప్పండి.

మంత్రి గారూ, మామయ్య రెండేళ్ల కింద పోయారు. చివరి దాకా ఆయనకు తనకేం జరిగిందో ఎవరూ చెప్పలేదు. నాకు ఇంకా 5 మిల్లీగ్రాములు మిగిలి ఉంది. మేడం లెక్క ప్రకారం ఈ చివరి భాగమే అన్నిటికంటే నెమ్మదిగా సాగాలి, ఇంకో ఏడాది పట్టొచ్చు. ఈలోపు మా జిల్లా దవాఖానలో ఆ ఓపీ మొదలైతే మొదటి చీటీ నేనే రాయించుకుంటాను, నా సొంత పేరుతో.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
కామారెడ్డి జిల్లా