నీ సంతకం నువ్వే పెట్టు బిడ్డా

రమ్యా, బిడ్డా,

నాలుగు రోజులైంది నీ గొంతు విని. ఫోన్ చేస్తే అల్లుడు ఎత్తి ‘పడుకుంది అత్తమ్మా’ అంటున్నాడు. పడుకుంటే మంచిదే. ఎడమవైపు తిరిగి పడుకో. కాళ్ళ వాపు తగ్గిందా? ‘ఈ నెలల్లో అందరికీ ఉండేదే’ అని ఊరుకోక బీపీ చూపించుకో. తమ్ముడితో కరివేపాకు పొడి పంపుతున్నా, రోజూ మొదటి ముద్దలో కలుపుకో.

ఇక్కడ వానలు బాగానే పడ్డాయి. బాపు పెరట్లో బీర పాదు పెట్టాడు. మొన్న చిన్నమ్మ వచ్చింది. చెప్పులు విడవకముందే ‘రమ్య ఆపరేషన్‌కు 22వ తారీకు ముహూర్తం పెట్టించిండ్రట గదా’ అంది. నాకు నోట మాట రాలేదు. 22కి నీకు నిండేది 37 వారాలే. చిన్నమ్మ చెప్పేవన్నీ నిజం కావని తెలుసు. నిజమే అయితే, ఆ తారీకు నిన్ను అడిగి పెట్టారా, పెట్టి నీకు చెప్పారా?

మీ అత్తమ్మ మీద నాకు కోపం లేదు. మనవల జాతకం బాగుండాలని ఆమె ఆరాటం. మన దగ్గర ఇది కొత్తా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 దాటాయి. ఆ లెక్క విన్నప్పటి నుంచి మా అంగన్‌వాడీకి ఏ గర్భిణి వచ్చినా నాకు గుబులే.

నువ్వు పుట్టిన రాత్రి సంగతి నీకు సగమే చెప్పాను. పొద్దుటి నుంచి నొప్పులు. రాత్రి ఒంటిగంటకు సిస్టరమ్మ వచ్చి చూసి, నాతో ఒక్క మాట అనకుండా బయటికి పోయింది. వరండాలో బాపు చేత ఇంగ్లీషు కాగితం మీద రెండు చోట్ల సంతకం పెట్టించారు. నేను తెలివిలోనే ఉన్నా, మాట్లాడుతూనే ఉన్నా. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఎక్కడికని అడిగాను. ‘ఆపరేషన్‌కు. మీ ఆయన సంతకం పెట్టిండు’ అన్నారు. ఎందుకంటే, డాక్టరమ్మ చెప్తదన్నారు. ఆమె మూడో రోజు వచ్చి కుట్లు చూసి, బాగుందని వెళ్ళిపోయింది. నీ గుండె చప్పుడు తగ్గిందా, నువ్వు అడ్డం తిరిగావా, నాకు ఈ రోజుకీ తెలీదు. బాపుకూ తెలీదు. ఆ మాటెత్తితే లేచి పెరట్లోకి పోతాడు. తమ్ముడి కాన్పప్పుడు ‘మొదటిది ఆపరేషనే కదా’ అని నొప్పుల దాకా రానివ్వలేదు. నిన్ను బతికించడానికే కోసి ఉంటే వాళ్ళ కాళ్ళు మొక్కేదాన్ని. ఆ మాట నాకు చెప్పాలి కదా బిడ్డా.

ఢిల్లీలో ఒకామెకు పరీక్ష కోసమని మత్తిచ్చి, బయట కూర్చున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమె తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగాలి, తల్లి ఒప్పుకుంటే చాలదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. కన్నతల్లిదే చెల్లనప్పుడు మొగుడిది, అత్తది ఎట్లా చెల్లుతుంది?

ఆపరేషన్ వద్దని నేననను. బిడ్డ గుండె వేగం పడిపోతోందంటే క్షణం ఆలోచించకు. లేకపోతే మాత్రం అడుగు. ఎందుకు, ఇంకో రెండు వారాలు ఆగితే ఏమవుతుంది, వేరే దారి ఉందా అని. కారణం లేకుండా 39 వారాలకు ముందే తీస్తే పసిబిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. నొప్పుల మందు ఎక్కించినా, కింద కోత పెట్టినా ముందు నీకు చెప్పమను. కాన్పు కాగానే కాపర్-టీ వేస్తామంటే అదీ నీ ఇష్టమే. ఇవన్నీ నొప్పుల్లో అడగలేవు, ఇప్పుడే అడుగు. కాగితం అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకుని నువ్వే సంతకం పెట్టు. చెప్పొద్దనుకుంటూనే ఇంత చెప్పాను.

పురిటికి ఇక్కడికి రాకపోయినా సరే, ఒప్పుకున్నా కదా. నా పాత నూలు చీరలు రెండు ఉతికి ఆరేశాను, పసిపిల్లకు మెత్తగా ఉంటాయి. తమ్ముడు బుధవారం తెస్తాడు. ఈసారి ఫోన్ నువ్వే ఎత్తు. 22 సంగతి అవునో కాదో చెప్పు. అవునంటే శనివారం మొదటి బస్సుకే వస్తా. డాక్టరమ్మ దగ్గర నీ పక్కన కూర్చుంటా. మాట్లాడేది నువ్వే.

మీ అమ్మ